చినుకు లేకపోయినా ఆటో వైపర్ తిరుగుతుంటే

తిరుమల ఘాట్‌లో వాన లేకపోయినా మా కారు ఆటో వైపర్ పొడి అద్దం మీద కీచుమంటూ తిరిగేది. సెన్సర్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే జిడ్డు! లోపలి మిర్రర్ వెనక ఉండే సెన్సర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో చినుకుల్ని పసిగడుతుంది, జిడ్డు పొర దాన్ని తికమక పెడుతుంది.

ముందు వైపర్ ఆఫ్ చేయండి, లేదంటే చెయ్యి పెట్టగానే కదులుతుంది. అరకప్పు నీళ్లలో అరకప్పు తెల్ల వెనిగర్ కలిపి, మెత్తటి గుడ్డ తడిపి, సెన్సర్‌కు ఎదురుగా బయటివైపు అరచేయంత మేర రెండు నిమిషాలు రుద్దండి. మంచినీళ్లతో కడిగి తుడవండి. వైపర్ రబ్బరు అంచు కూడా తుడవాలి, జిడ్డు మళ్లీ అక్కడి నుంచే అంటుకుంటుంది.

అద్దం మార్పించాక మొదలైన సమస్యయితే ఇది పనిచేయదు. సెన్సర్‌కూ అద్దానికీ మధ్య జెల్ ప్యాడ్‌లో గాలి బుడగ ఉందేమో మెకానిక్‌కు చూపించండి.