ఈక్వేషన్ బ్యాలెన్స్ చేసేటప్పుడు ఆక్సిజన్‌ని ఆఖరికి వదిలేయండి

కెమిస్ట్రీ ఈక్వేషన్లు బ్యాలెన్స్ అవ్వట్లేదంటే, అంటే బాణానికి రెండు వైపులా ఒక్కో ఎలిమెంట్ పరమాణువుల లెక్క సమానం కావట్లేదంటే, లెక్కలు రాక అని చాలామంది అనుకుంటారు గానీ ఇందులో అంత లెక్కేం లేదండీ, కూడికలు, రెండు మూడు ఎక్కాలు వస్తే చాలు. అసలు గొడవంతా ఎక్కడంటే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. కంటికి ముందు ఏది కనబడితే దాన్ని సరిచేస్తాం, అది కుదిరేసరికి పక్కది చెడుతుంది, పక్కది సరిచేస్తే మొదటిది మళ్ళీ చెడుతుంది, ఈలోపు పేజీ అంతా కొట్టివేతలే.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. ఫార్ములాలో రెండు రకాల అంకెలుంటాయి. కింద చిన్నగా ఉండేది ఆ పదార్థం ఏంటో చెప్తుంది, దాన్ని అస్సలు ముట్టుకోకూడదు. ముందు పెద్దగా రాసేది, అంటే గుణకం, ఆ అణువులు ఎన్నో చెప్తుంది, మన చేతిలో ఉన్నది అదొక్కటే. స్కూల్లో ఉన్నప్పుడు నేను హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్ళు వచ్చే ఈక్వేషన్లో ఆక్సిజన్ ఒకటి తక్కువైందని నీళ్ళ ఫార్ములాలో ఆక్సిజన్ గుర్తు 'ఓ' కింద 2 పెట్టేశా. హెచ్₂ఓ కాస్తా హెచ్₂ఓ₂ అయింది, రెండు వైపులా లెక్క చక్కగా సరిపోయింది కూడా. మా సారు చూసి "నీళ్ళు అడిగితే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇస్తావేంట్రా, తాగి పోవాలా?" అన్నారు. ఆ దెబ్బతో మళ్ళీ కింది అంకె జోలికి వెళ్ళలేదు. (ఫార్ములాలు నోటితో ఎలా చదువుతామో ఇక్కడ అలాగే రాస్తున్నా.)

ఇప్పుడు ప్రొపేన్ మండే ఈక్వేషన్ తీసుకుందాం, దీన్ని కాస్త నిదానంగా చూడండి, ఇదొక్కటి పట్టుబడితే సగం పనైపోయినట్టే.

సీ₃హెచ్₈ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

ఇక్కడ కార్బన్ ఎడమవైపు ఒకే చోట ఉంది, కుడివైపు కూడా ఒకే చోట ఉంది. హైడ్రోజనూ అంతే. ఆక్సిజన్ మాత్రం కుడివైపు రెండు చోట్ల దూరింది, పైగా ఎడమవైపు ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా ఉంది. అలా ఒంటరిగా ఉన్నదాన్ని ఎప్పుడూ ఆఖరికి వదిలేయాలి, ఎందుకంటే దాని ముందు ఏ అంకె పెట్టినా వేరే ఎలిమెంట్ లెక్క చెడదు. ముందు కార్బన్: ఎడమ 3 ఉన్నాయి కాబట్టి 3సీఓ₂. తర్వాత హైడ్రోజన్: ఎడమ 8, నీళ్ళలో అణువుకి 2 కాబట్టి 4హెచ్₂ఓ. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్ లెక్కపెట్టండి, సీఓ₂లో 6, నీళ్ళలో 4, మొత్తం 10. ఎడమవైపు జంటలుగా వస్తుంది కాబట్టి 5ఓ₂. అయిపోయింది.

సీ₃హెచ్₈ + 5ఓ₂ → 3సీఓ₂ + 4హెచ్₂ఓ

డౌటుంటే బరువుతో చెక్ చేసుకోవచ్చు, పరమాణు భారాలు కార్బన్ 12, హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16 అని వేసుకుని. 44 గ్రాముల ప్రొపేన్, 160 గ్రాముల ఆక్సిజన్, మొత్తం 204. అటువైపు కార్బన్ డయాక్సైడ్ 132, నీళ్ళు 72, అదీ 204. 44 గ్రాముల గ్యాస్ మండితే 132 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఎలా వచ్చిందని మొదట నాకూ అర్థం కాలేదు, ఆ ఎక్కువ బరువంతా గాల్లోంచి వచ్చిన ఆక్సిజన్‌ది. 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ కెమిస్ట్ లావోయిజర్ మూసిన పాత్రల్లో పదార్థాలు వేడిచేసి తూకం వేసి చూపించింది ఇదే, చర్యకి ముందూ తర్వాతా మొత్తం బరువు మారదు. మనం బ్యాలెన్స్ చేసేదీ అందుకే.

ఒక్కోసారి ఆక్సిజన్ బేసి సంఖ్య వచ్చి చిక్కుపడుతుంది. ఈథేన్, సీ₂హెచ్₆, తీసుకుంటే కుడివైపు 2సీఓ₂, 3హెచ్₂ఓ వచ్చి ఆక్సిజన్ 7 అవుతుంది. జంటలుగా 7 ఎలా? భయపడకుండా మూడున్నర అని రాసేసి, తర్వాత ఈక్వేషన్ మొత్తాన్ని 2తో గుణించేయండి, గుణకాలు వరసగా: 2, 7, 4, 6. ఒక్క ఆక్సిజన్‌ని మాత్రమే గుణించి మిగతావి మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, అక్కడ జాగ్రత్త.

నైట్రేట్, సల్ఫేట్ లాంటివి రెండు వైపులా విడిపోకుండా ఉంటే వాటిని నైట్రోజనెన్ని ఆక్సిజనెన్ని అని విప్పి లెక్కపెట్టకండి, మూట విప్పకుండా మూటలే లెక్కపెట్టండి. లెడ్ నైట్రేట్ ద్రావణంలో పొటాషియం అయొడైడ్ ద్రావణం పోస్తే లెడ్ అయొడైడ్, పొటాషియం నైట్రేట్ వస్తాయి. లెడ్ నైట్రేట్‌లో నైట్రేట్ మూటలు 2, కాబట్టి అటువైపు పొటాషియం నైట్రేట్ 2, దాంతో పొటాషియం 2 అయింది కాబట్టి ఇటు పొటాషియం అయొడైడ్ 2, లెడ్ అయొడైడ్‌లో అయొడిన్ ఎలాగూ 2 ఉంది. నిమిషం కూడా పట్టదు.

ఇక ఏ రకం చర్య అని అడిగితే పేర్లు బట్టీ పట్టకుండా ఆకారం చూడండి. ఎక్కువ పదార్థాలు కలిసి ఒకటైతే రసాయన సంయోగం, ఒకటి విడిపోయి ఎక్కువైతే రసాయన వియోగం, వీటి గురించి చెప్పడానికి ఇంకేం లేదు. ఒంటరి ఎలిమెంట్ వెళ్ళి వేరే దాన్ని బయటికి గెంటేస్తే స్థానభ్రంశం. నీలంగా ఉన్న కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేసి కాసేపు వదిలేస్తే మేకు మీద ఎర్రటి గోధుమరంగు పూత పడుతుంది, అది రాగి, నీలం రంగు కూడా మెల్లగా తగ్గుతుంది. తిరగేసి ఐరన్ సల్ఫేట్‌లో రాగి తీగ వేస్తే ఏమీ జరగదు, రాగి కంటే ఇనుముకి చర్యాశీలత, అంటే చర్యలో పాల్గొనే గుణం, ఎక్కువ మరి. ఇది మర్చిపోయి జరగని చర్యకి కూడా ఈక్వేషన్ రాసి, బ్యాలెన్స్ చేసి, రెండు గీతలు కొట్టేవాళ్ళున్నారు. కాగితం మీద బ్యాలెన్స్ అయినంత మాత్రాన చర్య జరుగుతుందని కాదు. ఇందాకటి లెడ్ నైట్రేట్‌లాగా రెండు పదార్థాలు జోడీలు మార్చుకుంటే ద్వంద్వ వియోగం, అక్కడ పసుపుపచ్చగా అడుగుకి దిగేది లెడ్ అయొడైడ్ అవక్షేపం.

ఒక చర్యకి ఒకే పేరుండాలని మాత్రం అనుకోవద్దు. హైడ్రోజన్ ఆక్సిజన్‌లో మండితే అది దహనం, సంయోగం, ఆక్సీకరణ క్షయకరణం (ఒకటి ఎలక్ట్రాన్లు ఇస్తే ఇంకొకటి తీసుకోవడం) మూడూను. మేకు మీద రాగి పట్టడం కూడా ఆక్సీకరణ క్షయకరణమే, ఇనుము ఎలక్ట్రాన్లు ఇస్తుంది, రాగి అయాన్ తీసుకుంటుంది. కానీ కాల్షియం ఆక్సైడ్‌లో నీళ్ళు పోస్తే బాగా వేడి పుడుతుంది, అది సంయోగమే, అయినా అక్కడ ఏ ఎలిమెంట్ ఆక్సీకరణ సంఖ్యా (ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకున్న లెక్క) మారదు, కాబట్టి అది ఆక్సీకరణ క్షయకరణం కాదు.

ఇప్పుడు బ్యూటేన్, సీ₄హెచ్₁₀, మండే ఈక్వేషన్ మీరే చేసి చూడండి. ఆక్సిజన్ ముందు 13 రావాలి, బ్యూటేన్ ముందు 2. ఆరున్నర దగ్గరే ఆగిపోతే మొత్తాన్ని 2తో గుణించడం మర్చిపోయినట్టే.