రన్నింగ్ బ్యాక్‌లలో ఎవరు గొప్ప? వాదనకు దిగే ముందు ఇవి చూసుకోండి

థ్యాంక్స్‌గివింగ్ రోజు టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో డిట్రాయిట్ లయన్స్ ఆట, దాని వెనకే డాలస్ కౌబాయ్స్ ఆట వస్తాయి కాబట్టి, ఆ రెండు జట్ల అభిమానులు ఒకే హాల్లో కూర్చుంటే లయన్స్ బ్యారీ శాండర్స్ గొప్పా కౌబాయ్స్ ఎమిట్ స్మిత్ గొప్పా అన్న గొడవ మొదలవడానికి ఎక్కువసేపు పట్టదు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే మన తెలుగువాళ్లకు సహజంగానే ముందు ఎమిట్ పేరు నోట్లోకి వస్తుంది, ఊరి జట్టు కదా. అందులో తప్పేం లేదు. కానీ పేరుతో మొదలైన వాదన ఎటూ వెళ్లదు, ఇద్దరూ తమ మనిషి రికార్డులు అరుచుకుని అలిసిపోతారు. కాబట్టి మొదటి పని, పేరు చెప్పకుండా ప్రశ్న తేల్చుకోండి. "గొప్ప అంటే దేంట్లో?" అని అవతలివాళ్లను అడగండి. ఒక్క పరుగు చూడ్డానికా, ఒక్క సీజన్‌కా, కెరీర్ మొత్తానికా, లేకపోతే రన్నింగ్ బ్యాక్ చేయాల్సిన పనులన్నిటికీ కలిపా? ఈ నాలుగింటికీ నాలుగు వేరు వేరు జవాబులు వస్తాయి, సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి.

ఆట కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు మాటలు. రన్నింగ్ బ్యాక్ జట్టు ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ చేతి నుంచి బంతి అందుకుని పరిగెత్తుతాడు, ఇదొక్కటే అందరికీ కనిపించే పని. పాస్ పట్టుకోవడం, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాళ్లను అడ్డుకోవడం కూడా అతని పనే. అతనికి దారి తెరిచేది ముందున్న అఫెన్సివ్ లైన్, అంటే ఎదుటివాళ్లను అడ్డుకునే ఆటగాళ్ల వరస. ఈ ఆఖరి వాక్యం గుర్తుపెట్టుకోండి, వాదన అంతా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

ఒక్క సీజన్ అని తేలితే వాదన తేలిక. ఎరిక్ డికర్సన్ 1984లో 2,105 యార్డులు పరిగెత్తాడు, ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. ఏడ్రియన్ పీటర్సన్ 2012లో 2,097 దాకా వచ్చి ఆగిపోయాడు, అదీ 2011 డిసెంబర్‌లో మోకాలి లిగమెంట్ తెగిన తర్వాతి సీజన్‌లోనే, నాకైతే ఆ సంగతి ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. 2024లో ఫిలడెల్ఫియా తరఫున సేక్వాన్ బార్‌క్లీ 2,005 చేసి, రికార్డు దాటడానికి ఇంకా 101 యార్డులు కావాల్సి ఉండగా జట్టు అతనికి చివరి మ్యాచ్‌లో విశ్రాంతి ఇచ్చింది. ఎవరైనా మొత్తం అంకె పట్టుకుని డికర్సన్ అన్నారనుకోండి, ఓ.జె. సింప్సన్ 1973లో 2,003 యార్డులు చేసింది 14 మ్యాచ్‌లలో అని చెప్పండి. మ్యాచ్‌కు 143 యార్డులు. డికర్సన్‌కు 16 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 131 పైచిలుకు. సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లన్నది చూడకుండా అంకెలు పోల్చొద్దు. 1960 దాకా 12, 1961 నుంచి 14, 1978 నుంచి 16, 2021 నుంచి 17, ఈ నాలుగు సంఖ్యలు నోటికి వస్తే చాలు, చాలా వాదనల్లో మీదే పైచేయి.

కెరీర్ మొత్తం అన్నప్పుడే అసలు చిక్కు. ఇక్కడ మూడు అంకెలు ఉంటాయి. మొత్తం యార్డులు, మ్యాచ్‌కు సగటు, బంతి పట్టి పరిగెత్తిన ప్రతిసారికీ అంటే క్యారీకి సగటు. మొత్తంలో ఎమిట్ స్మిత్‌ది 18,355, ఎవరూ దగ్గర్లో లేరు, పరిగెత్తి చేసిన టచ్‌డౌన్లు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించినవి, 164. తర్వాత షికాగో ఆటగాడు వాల్టర్ పేటన్ 16,726. మ్యాచ్ సగటులో క్లీవ్‌లండ్ ఆటగాడు జిమ్ బ్రౌన్ 104.3, లీగ్ చరిత్రలో కెరీర్ మొత్తం మీద వంద దాటినవాడు అతనొక్కడే, బ్యారీ 99.8 దగ్గర ఆగాడు. క్యారీకి సగటు బ్రౌన్‌ది 5.2, బ్యారీది 5.0, పేటన్‌ది 4.4, ఎమిట్‌ది 4.2. సచిన్ మొత్తం పరుగులు చూపించేవాళ్లకూ బ్రాడ్‌మన్ సగటు చూపించేవాళ్లకూ మధ్య జరిగే పోట్లాట ఎలాంటిదో మనకు బాగా తెలుసు, ఇక్కడా అదే. రెండు పక్కలా నిజం ఉంది, రెండు అంకెలూ ఏదో ఒకటి దాచిపెడతాయి.

ఏం దాస్తాయో చెప్తాను. సగటు చూపించేవాళ్లను "ఎప్పుడు ఆట మానేశాడు?" అని అడగండి. బ్రౌన్ 1965లో 1,544 యార్డులు చేసి, ఆ ఏడాది ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు, అయి, 1966లో 30 ఏళ్లకే మానేశాడు. బ్యారీ 1999లో, పేటన్ రికార్డుకు 1,457 యార్డుల దూరంలో, 31 ఏళ్లకు మానేశాడు. ఇద్దరూ కాళ్లు బరువెక్కే వయసును మైదానంలో గడపలేదు, అందుకే వాళ్ల సగటు పడిపోలేదు. ఎమిట్ 15 సీజన్లు ఆడాడు, చివరి రెండూ అరిజోనాలో, 2003లో 256 యార్డులే. ఆ ముసలి సీజన్లు అతని సగటును కిందికి లాగాయి. అలాగని మొత్తం చూపించేవాళ్లను కూడా వదలొద్దు. ఎమిట్‌కు 4,409 క్యారీలు, బ్రౌన్‌కు 2,359. ఇంచుమించు రెట్టింపు. అన్ని దెబ్బలు తట్టుకుని అన్నేళ్లు నిలబడటం కూడా గొప్పతనమే అంటారా, నేను ఒప్పుకుంటాను, కానీ ఆ మాట మొదటే చెప్పాలి, ఓడిపోయేటప్పుడు కాదు.

ఇక బ్యారీ, ఎమిట్. ఇద్దరి వాదనలో అందరూ వేసే ఎత్తు ఒకటే, "బ్యారీని డాలస్ లైన్ వెనక పెట్టి చూడండి, 20 వేలు చేసేవాడు." ఈ వాక్యం వాడకండి. ఎవరూ రుజువు చేయలేరు, ఎవరూ కాదనలేరు, కాబట్టి ఎవరికీ ఉపయోగం లేదు. పైగా అందులో రెండు తప్పులున్నాయి. డాలస్ లైన్ గొప్పదే, లారీ ఏలెన్, నేట్ న్యూటన్, ఎరిక్ విలియమ్స్ లాంటివాళ్లు, దానికి తోడు క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఎయిక్‌మన్, పాస్‌లు పట్టే మైకేల్ ఇర్విన్. కానీ డిట్రాయిట్ లైన్ చెత్త ఏమీ కాదు, లోమస్ బ్రౌన్, కెవిన్ గ్లోవర్ ఇద్దరూ ప్రో బౌల్ స్థాయి, అంటే లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపికయ్యే స్థాయి, ఆటగాళ్లు. రెండో తప్పు, బ్యారీ పరిగెత్తే తీరు. అతను లైన్ చూపించిన దారిలో వెళ్లేవాడు కాదు, ఆగి, వెనక్కి తిరిగి, అటు చివరికి పోయి అక్కడ దారి వెతుక్కునేవాడు. దాంతో ఒకసారి 60 యార్డులు వచ్చేవి, ఇంకోసారి మైనస్ మూడు. 1997 చూడండి. మొదటి రెండు మ్యాచ్‌లు కలిపి 53 యార్డులు, తర్వాత వరసగా 14 మ్యాచ్‌లలో వంద దాటి, మొత్తం 2,053తో ముగించి, బ్రెట్ ఫావ్రేతో కలిసి ఎంవీపీ పంచుకున్నాడు. 1994 సీజన్ ప్లేఆఫ్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌ల్లో, గ్రీన్ బే మీద 13 క్యారీలకు మైనస్ ఒక యార్డు కూడా ఈ మనిషిదే. మూడో డౌన్‌లో, అంటే మూడో ప్రయత్నంలో, రెండు యార్డులు కావాల్సినప్పుడు కోచ్‌కు ఎవరు కావాలి, సీట్లోంచి లేచి నిలబడాలనుకునే ప్రేక్షకుడికి ఎవరు కావాలి, ఇవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి ఎమిట్, రెండోదానికి బ్యారీ, నాకు ఇందులో సందేహమే లేదు.

ఎమిట్‌ను లైన్ మోసిందనేవాళ్లకు 1993 చెప్పండి. జీతం ఒప్పందం కుదరక అతను మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. అదే లైన్, అదే క్వార్టర్‌బ్యాక్, రెండూ ఓడిపోయారు. తిరిగొచ్చాక ఆ ఏడాది లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు, లీగ్ ఎంవీపీ, సూపర్ బౌల్ ఎంవీపీ రెండూ అతనే. ఆ సీజన్‌లో ప్లేఆఫ్‌లకు ముందు చివరి మ్యాచ్, 1994 జనవరి 2న న్యూయార్క్ జెయింట్స్ మీద, భుజం కీలు విడిపోయినా ఆడి, పరుగులో 168, పాస్‌లు పట్టి 61, మొత్తం 229 యార్డులు చేశాడు, ఓవర్‌టైమ్‌లో గెలిచారు. వీడియో దొరికితే చూడండి, ప్రతి దెబ్బ తర్వాత అతను లేచే తీరు చూస్తే "లైన్ మోసింది" అన్న మాట మళ్లీ అనరు.

సూపర్ బౌల్ గెలిచినవాళ్లకు ఇచ్చే ఉంగరాలు లెక్కపెట్టడం మాత్రం మానేయండి. 53 మంది జట్టు గెలిచిన దాన్ని ఒక్కడి ఖాతాలో రాయడం న్యాయం కాదు. బ్యారీ కెరీర్‌లో ఒక్క ప్లేఆఫ్ మ్యాచే గెలిచాడు, అది అతని కాళ్ల గురించి ఏమీ చెప్పదు. పేటన్‌కు ఉంగరం ఉంది, కానీ 1986 జనవరిలో ఆ సూపర్ బౌల్‌లో షికాగో 46 పాయింట్లు చేసినా అతనికి ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు, డిఫెన్స్‌లో ఆడే విలియమ్ పెర్రీ చేతికి బంతి ఇచ్చి టచ్‌డౌన్ చేయించారు. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అన్ని పనులూ కలిపి చూద్దాం అని ఒప్పుకుంటే పేటన్‌ను దాటడం కష్టం. 13 సీజన్లలో ఒక్కటే ఒక్క మ్యాచ్ ఆడలేదు, అదీ మొదటి ఏడాది. 492 పాస్‌లు పట్టాడు, ఎనిమిది టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, తనకంటే పెద్దవాళ్లను కింద పడేసేలా బ్లాక్ చేసేవాడు. 1977 నవంబర్ 20న ఫ్లూ జ్వరంతో మిన్నెసోటా మీద 275 యార్డులు, అప్పటికి అది రికార్డు. ఇవన్నీ ఎక్కువ భాగం బలహీనమైన జట్లలో. పరుగులోనూ పాస్‌లు పట్టడంలోనూ ప్రమాదకరమైన ఆటగాళ్ల గురించి ఎవరైనా మార్షల్ ఫాక్ పేరెత్తితే గౌరవంగా వినండి, 1999లో పరుగులో 1,381, పాస్‌లలో 1,048 చేసిన మనిషి. లాడేనియన్ టామ్లిన్సన్ 2006లో 31 టచ్‌డౌన్లు చేశాడు. గేల్ సేయర్స్ పేరు వస్తే అతను ఆడింది 68 మ్యాచ్‌లే అని గుర్తుచేసి, "ఒక్క పరుగు" ప్రశ్నలోకి తీసుకెళ్లండి, అక్కడ అతనూ బ్యారీ పోటీ పడొచ్చు.

నా ఓటు జిమ్ బ్రౌన్‌కు. కారణం 104.3 కాదు. వేరు వేరు కాలాలవాళ్లను పోల్చేటప్పుడు నేను నమ్మే పద్ధతి ఒకటే, ఒక్కొక్కరిని తన కాలంలో తనతో ఆడినవాళ్లతో పోల్చడం. అప్పుడు మ్యాచ్‌ల సంఖ్య, నియమాలు, ఆటగాళ్ల బరువు అన్నీ అందరికీ ఒకటే అవుతాయి. లీగ్‌లో అందరికంటే ఎక్కువ యార్డులు ఎన్ని సీజన్లలో చేశాడు? ఎమిట్ నాలుగు, బ్యారీ నాలుగు, డికర్సన్ నాలుగు, సింప్సన్ నాలుగు, పేటన్ ఒకటి. బ్రౌన్ తొమ్మిది సీజన్లు ఆడి ఎనిమిదింటిలో. మిగిలిన ఆ ఒక్కటి 1962, మణికట్టు గాయంతో ఆడినా 996 వచ్చాయి. తొమ్మిదేళ్లలో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు.

ఈ పక్షం తీసుకుంటే మీ మీదికి మూడు దెబ్బలు వస్తాయి, ముందే సిద్ధంగా ఉండండి. ఒకటి, అప్పటి డిఫెన్స్‌లు చిన్నవి. నిజమే, బ్రౌన్ దాదాపు 105 కిలోలు, అతన్ని ఆపాల్సిన లైన్‌బ్యాకర్లలో చాలామంది అంతే లేదా అంతకంటే తక్కువ. కానీ మిగతా రన్నింగ్ బ్యాక్‌లు కూడా ఆ డిఫెన్స్‌ల మీదే ఆడి అతని దరిదాపులకు రాలేదు. రెండోది ఇంకా గట్టిది, నల్లజాతి ఆటగాళ్లకు అప్పటికి తలుపులు పూర్తిగా తెరుచుకోలేదు, వాషింగ్టన్ జట్టు 1962 దాకా ఒక్కరిని కూడా ఆడించలేదు, కాబట్టి పోటీ నిజంగానే చిన్నది. దీన్ని తోసిపుచ్చకండి, ఒప్పుకోండి. ఆనాటి లీగ్‌లో జట్లు 12 నుంచి 14 మాత్రమే కాబట్టి చోటు దొరకడమే కష్టమని చెప్పొచ్చు, అయినా లోటు పూర్తిగా తీరదు. అలాగే మైదానం బయట బ్రౌన్ జీవితం, సింప్సన్ జీవితం గురించి ఎవరైనా ఎత్తితే కొట్టిపారేయొద్దు, అది వేరే పెద్ద విషయం, వేరేగా మాట్లాడుకుందాం అనండి.

మూడోది బ్రౌన్ లైన్. అందులోని మైక్ మెకార్మాక్, జీన్ హికర్సన్ ఇద్దరూ ఆటలో మహామహులకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. దానికి మించి, బ్రౌన్ వెళ్లిపోయిన 1966లోనే అతని స్థానంలోకి వచ్చిన లెరోయ్ కెల్లీ 1,141 యార్డులు చేశాడు, క్యారీకి 5.5, తర్వాత 1967లోనూ 1968లోనూ లీగ్‌లో మొదటి స్థానం అతనిదే. "చూశారా, అక్కడ ఎవరిని పెట్టినా పరిగెత్తేవాడే" అంటారు. నాకు తెలిసి బ్రౌన్ మీద ఇంతకంటే పదునైన వాదన లేదు. నా జవాబు ఇది. కెల్లీ కూడా హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడే, ఎవరో ఒకడు కాదు, అయినా కెరీర్ మొత్తం మీద అతని సగటు 4.2, బ్రౌన్‌ది 5.2. ఒకే జట్టు, ఒకరి వెనక ఒకరు, మధ్యలో క్యారీకి ఒక యార్డు తేడా. ఆ యార్డు బ్రౌన్‌ది కాదు, లైన్‌ది అని ఎవరైనా చూపిస్తే నా ఓటు పేటన్‌కు మార్చుకుంటాను.