నలభై దాటాక పని మారుస్తున్నారా? పీఎఫ్ పింఛను 10సి ఫారంలో డబ్బు గడికి టిక్కు పెట్టకండి

"పీఎఫ్ అంతా లాక్ అయిపోతుందట, ఇప్పుడే తీసెయ్ అన్నా." 2025 అక్టోబరు 13న పీఎఫ్ నడిపే కేంద్ర సంస్థ ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి తీసుకున్న నిర్ణయాలు ఫోన్ల దాకా వచ్చేసరికి ఇలా తయారయ్యాయి. అసలు నిర్ణయం ఇది. ఉద్యోగం మానేశాక ఖాతా పూర్తిగా మూసి డబ్బు తీసుకునే గడువు 2 నెలల నుంచి 12 నెలలకు పెరగాలి. పింఛను డబ్బు వెనక్కి తీసుకునే గడువు 2 నెలల నుంచి 36 నెలలకు పెరగాలి. ఖాతాలో 25 శాతం నిల్వ ఉండాలి. మీ డబ్బు ఎక్కడికీ పోదు. మీరు దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్ ఏ గడువు చూపిస్తే అదే మీ గడువు.

ఆ భయంతో నెట్ సెంటరుకు పరుగెత్తుతున్నవాళ్ళ కోసం, ఉగాది వెళ్ళాక మిల్లు మానేసి కొట్టో టిఫిన్ బండో పెట్టుకుందామనుకుంటున్న దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వాళ్ళ కోసం ఈ జాగ్రత్తలు. ఇంట్లో మాట్లాడుకోండి, నచ్చిన పని ఎంచుకోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్ళడం లేదు.

ముందు పింఛను సంగతి

పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే మూడు వరుసలు కనిపిస్తాయి: మీ వాటా, యజమాని వాటా, పింఛను చందా. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం మూడో వరుసలోకే వెళ్తుంది. జీతం ఎంతైనా లెక్కకు 15,000 దాకానే తీసుకుంటారు కాబట్టి అది నెలకు 1,250 దాటదు. చిన్న మొత్తమని చాలామంది దాన్ని పట్టించుకోరు. మనుషులు మునిగేది అక్కడే.

ఆ వరుసకు పదేళ్ళ సర్వీసు నిండితే 58 ఏళ్ళకు నెలనెలా పింఛను వస్తుంది. తొమ్మిదిన్నరేళ్ళు దాటినా పదిగానే లెక్కిస్తారు. మన దగ్గర మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో ఎక్కువమంది కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళు. కాంట్రాక్టరు మారితే కొత్త మెంబర్ ఐడీ, అంటే కొత్త పీఎఫ్ ఖాతా నంబరు వస్తుంది. పాతది పోయిందనుకుని నెట్ సెంటరుకు వెళ్ళి "పీఎఫ్ తీసెయ్" అంటారు. అక్కడి కుర్రాడు ఫారం 19తో పాటు 10సి కూడా నొక్కేస్తాడు. 19 అంటే పీఎఫ్, 10సి అంటే పింఛను. 10సితో డబ్బు తీసుకున్న రోజే అప్పటిదాకా ఉన్న సర్వీసు సున్నా అవుతుంది. మూడేళ్ళకోసారి, నాలుగేళ్ళకోసారి ఇలా తీసుకుంటూ పోయిన మనిషికి నలభై ఐదేళ్ళు వచ్చేసరికి పాతికేళ్ళ చాకిరీ ఉంటుంది, పింఛను సర్వీసు మాత్రం రెండేళ్ళే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. 12,000 జీతం మీద మూడు, నాలుగు, నాలుగు, మొత్తం పదకొండేళ్ళు. మూడుసార్లూ 10సి డబ్బు తీసుకుంటే అన్నీ కలిపి సుమారు 1,31,000. తీసుకోకుండా కలుపుకుంటే 12,000ను 11తో హెచ్చించి 70తో భాగించండి: 58 నుంచి నెలకు 1,885. ఆరేళ్ళలోపే ఆ 1,31,000 వచ్చేస్తుంది. ఆ తర్వాత బతికినంత కాలం వచ్చేదంతా పైమొత్తం. పదేళ్ళు నిండిన మనిషి ఉద్యోగం మానేశాక, 58 రాకముందే పోయినా భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. కొత్తగా పెట్టిన కొట్టు ఆ భరోసా ఇవ్వలేదు.

మరి పదేళ్ళు నిండనివాళ్ళు ఏం చేయాలి? అదే 10సి ఫారంలో రెండు దారులున్నాయి. ఒకటి డబ్బు, రెండోది స్కీమ్ సర్టిఫికెట్. తేడా అంతా ఏ గడికి టిక్కు పెట్టారన్న దాంట్లోనే ఉంది. సర్టిఫికెట్ తీసుకుంటే మీ ఏడేళ్ళు ఏడేళ్ళుగానే ఉంటాయి. కొట్టు సాగక మళ్ళీ ఎక్కడో మూడేళ్ళు పనికి చేరితే పది నిండుతాయి. ఉమంగ్ యాప్‌లో కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పక్కన కూర్చుని స్క్రీన్ చూడండి. "అన్నీ ఒకేసారి పెట్టేస్తాను" అన్నవాడికి ఓటీపీ చెప్పకండి.

మానేసే ముందు కాగితాలు

పాత మెంబర్ ఐడీలన్నీ ఒకే యూఏఎన్ (ఎన్ని ఉద్యోగాలు మారినా మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) కిందికి ట్రాన్స్‌ఫర్ చేయించండి. రెండు యూఏఎన్‌లు ఉంటే ఉద్యోగంలో ఉండగానే కలిపించుకోండి. బయటికొచ్చాక ఆ కాంట్రాక్టరు మేనేజరు ఫోనెత్తడు.

పేర్లు సరిచూసుకోండి. స్కూలు సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఒడిశా ఆధార్‌లో పూర్తిగా చివర్లో ఉంటుంది, కాంట్రాక్టరు రికార్డులో మూడో రకంగా ఉంటుంది. ఇలాంటి తేడాలుంటే క్లెయిములు తిరిగొస్తాయి. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్ తో వచ్చిన యూఏఎన్ అయితే మీరే పోర్టల్లో సరిచేసుకోవచ్చు. పాతదైతే యజమానితో కలిసి జాయింట్ డిక్లరేషన్ (ఇద్దరూ కలిసి పెట్టే దిద్దుబాటు దరఖాస్తు) ఇవ్వాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, ఉత్కళ గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఒడిశా గ్రామీణ బ్యాంకులో కలిసింది. పోర్టల్లో పాత ఐఎఫ్ఎస్‌సీ ఉంటే ఇప్పుడే మార్చండి.

గ్రాట్యుటీ (ఏళ్ళ తరబడి పనిచేసినందుకు మానేసేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం): ఐదేళ్ళు నిండకుండా రాజీనామా ఇవ్వకండి. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, ఏళ్ళతో హెచ్చించండి. 14,000 మీద పదకొండేళ్ళకు 88,846 రావాలి. 30 రోజుల్లో ఇవ్వాలి. దరఖాస్తు కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం జీతం బకాయి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఉద్యోగుల సొసైటీలో ఎవరి అప్పుకైనా హామీ సంతకం పెట్టి ఉంటే అది ముందు విడిపించుకోండి, లేకపోతే మీకు రావాల్సిన దాంట్లోంచే కోయవచ్చు.

ఆసుపత్రి

ఈఎస్ఐ కార్డు ఉద్యోగం ఆగిన రోజే ఆగదు, అలాగని ఎల్లకాలం పనిచేయదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు కార్డు తర్వాతి జనవరి–జూన్ లో, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై–డిసెంబరులో పనిచేస్తుంది. కార్డు ఆగే తేదీ క్యాలెండరు మీద రాసుకుని, దానికి ముందే సొంత పాలసీ తీసుకోండి. బీపీ, షుగరు దాచకండి. దాస్తే క్లెయిము అడిగిన రోజున కొట్టేస్తారు, చెబితే నిరీక్షణ మూడేళ్ళకు మించదు. ఒడిశా రేషన్ కార్డుతో వచ్చే ఆయుష్మాన్ కార్డు విశాఖలో ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. దాని కోసం అవతలి రాష్ట్రంలో రెండో రేషన్ కార్డు పెట్టుకోకండి.

ఇక మిగతావి, వరుసగా:

ఇంటి ఖర్చు 12 నెలలది పక్కన పెట్టండి. నెలకు 18,000 అయితే 2,16,000. అది కొట్టు డబ్బు కాదు, గల్లాలోకి రానివ్వకండి.

రాయగడ, కోరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డు ప్రాంతం. గజపతిలోనూ కొంత ఉంది. ఒడిశా 1956 నాటి 2వ రెగ్యులేషన్ ప్రకారం అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారదు. స్టాంపు కాగితం మీద రాయించుకున్నా, వేరేవాళ్ళ పేరున పెట్టినా మీది కాదు. షెడ్డు కట్టాక కూడా వెనక్కి ఇచ్చేయాల్సిందే. పీఎఫ్ డబ్బు అందులో పోయకండి.

పీఎంఈజీపీ (సొంత యూనిట్ పెట్టుకునేవాళ్ళకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) లోను కావాలంటే అది చేతికొచ్చే ముందు పని మొదలుపెట్టకండి. ఆ పథకం కొత్త యూనిట్లకే. షట్టరు ఎత్తి, ఫొటో దిగి, తర్వాత దరఖాస్తు పెడితే పోయినట్టే. సబ్సిడీ కూడా చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే ఉంటుంది. దాన్ని నమ్మి అప్పు చేయకండి.

పర్లాకిమిడి కొట్టుకు వచ్చి ఆంధ్రా వైపు పాతపట్నం వాళ్ళు కొనుక్కెళ్తే సమస్య లేదు. పన్ను పడే సరుకు మీరే బండిలో రాష్ట్రం దాటించి పాతపట్నం పంపితే, అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న పరిమితి అక్కడ పనికిరాదు.

ఆషాఢంలో కొట్టు తెరవకండి. ముహూర్తం గురించి కాదు. వానల్లో ఊళ్ళ చేతిలో డబ్బు ఉండదు, పత్తి అమ్ముడయ్యాకే సంత నిండుతుంది.

అరువు పుస్తకం మొదటి నెల తెరవకండి.

టిఫిన్ బండికి 14.2 కిలోల ఇంటి సిలిండరు పెట్టకండి. 19 కిలోలదే.

ఫ్రాంచైజీకి అడ్వాన్సు యూపీఐలో పంపకండి.

పాత ఫ్యాక్టరీలో పైవాళ్ళతో గొడవపడి బయటికి రాకండి. పీఎఫ్ రికార్డులో ఎగ్జిట్ తేదీ (మీరు మానేసిన తేదీ) వేయాల్సింది వాళ్ళే. వేయకపోతే చివరి చందా తర్వాత రెండు నెలలు ఆగి మీరే పోర్టల్లో వేసుకోవాలి.

ఐదేళ్ళ సర్వీసు నిండకుండా 50,000 పైన పీఎఫ్ తీస్తే పాన్ ఉన్నా సాధారణంగా 10 శాతం పన్ను కోస్తారు. ట్రాన్స్‌ఫర్ చేసుకున్న ఏళ్ళు ఆ ఐదులో కలుస్తాయి.

పింఛను 50 ఏళ్ళకే మొదలుపెట్టించకండి. 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత, అది ఎప్పటికీ తిరిగి కలవదు.

నామినీ పేరు ఈరోజే చూడండి. పెళ్ళికి ముందు రాసిన పేరే ఇంకా ఉండొచ్చు.

నెట్ సెంటరులో లేచే ముందు సబ్మిట్ అయిన ఫారం ప్రింటు అడగండి. అందులో 10సి అని ఉంటే, ఎదురుగా "విత్‌డ్రాయల్ బెనిఫిట్" ఉందో "స్కీమ్ సర్టిఫికెట్" ఉందో చదవండి. చదవడం రాకపోతే చదివిన పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. విత్‌డ్రాయల్ అని ఉంటే కదలకండి, ఆ పూటే పీఎఫ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఆపమని అడగండి. డబ్బు ఖాతాలో పడ్డాక ఆ సర్వీసు తిరిగి రాదు.