గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్లు కారుతుంటే

మిద్దె మీది ట్యాంకు నుంచి నేరుగా నీళ్లు దిగే ఇళ్లలో గీజర్‌కు ఒత్తిడి సమస్య సాధారణంగా రాదు. ట్యాంకులోని నీటిమట్టం గీజర్ కంటే 10 మీటర్ల ఎత్తున ఉన్నా అక్కడ పడే ఒత్తిడి సుమారు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మాత్రమే. నిల్వ గీజర్లలో చాలావాటిని 8 బార్ వరకు తట్టుకునేలా తయారుచేస్తారు. తిరుపతిలో అపార్ట్‌మెంట్లు, ప్రెషర్ పంపులు పెరిగాక ఈ లెక్క మారింది. ఒత్తిడి మితిమీరినప్పుడు నీటిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్లు కారుతుంటే ముందుగా అవి ఏ సమయంలో కారుతున్నాయో గమనించాలి. కారణం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

కాగుతున్నప్పుడు మాత్రమే చుక్కలు పడుతుంటే

25 డిగ్రీల నీరు 70 డిగ్రీలకు చేరేసరికి సుమారు 2 శాతం వ్యాకోచిస్తుంది కనుక, 25 లీటర్ల గీజర్‌లో దాదాపు అర లీటరు నీటికి అదనంగా చోటు కావాలి. ఆ నీరు చన్నీళ్ల పైపులోకి వెనక్కి పోగలిగితే ఒత్తిడి పెరగదు. మధ్యలో నీటిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే మాత్రం ఆ దారి మూసుకుపోయి, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని కొంత నీటిని బయటికి వదులుతుంది. చాలా గీజర్లలో ఈ రెండు వాల్వులూ ఒకే ముక్కలో ఉంటాయి కాబట్టి ఇది లోపం కాదు, అది చేయవలసిన పనే. కారే నీటిని చిన్న పైపుతో కిందికి వాలుగా బాత్‌రూం మోరీలోకి వదిలితే చాలు. చుక్కలు అసలే వద్దనుకునేవారు నాన్ రిటర్న్ వాల్వ్‌కూ గీజర్‌కూ మధ్య, వ్యాకోచించిన నీటికి చోటిచ్చే చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టించుకోవచ్చు. నాన్ రిటర్న్ వాల్వ్‌కు ముందు, చన్నీళ్లు వచ్చే వైపు పెడితే దానివల్ల ప్రయోజనం ఉండదు. గోడ తడుస్తోందని సేఫ్టీ వాల్వ్ రంధ్రంలో పుల్ల దూర్చి టేపు చుట్టేవారున్నారు. అంతకంటే ప్రమాదకరమైన మరమ్మతు లేదు.

కరెంటు లేకపోయినా కారుతుంటే

రాత్రి ఎం.సి.బి. (కరెంటు బోర్డులో గీజర్‌కు ఉన్న స్విచ్) ఆపి, గీజర్ పూర్తిగా చల్లారాక ఉదయం చూసినా కారుతూనే ఉంటే వేడికి దానితో సంబంధం లేదు. అప్పుడు చన్నీళ్ల లైనుకు ప్రెషర్ గేజి బిగించి, కుళాయిలన్నీ మూసి, పంపు ఆగేవరకు ఉండి చదవాలి. అంకె సేఫ్టీ వాల్వ్ మీద రాసిన పరిమితికి దగ్గరగా ఉంటే పంపు ప్రెషర్ స్విచ్‌ను తగ్గించి, గీజర్ లైనులో ఒత్తిడిని తగ్గించే ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వ్ పెట్టి 3 బార్ దగ్గర నిలపడం మేలు. షవర్‌కు అంతకంటే ఎక్కువ అక్కరలేదు. కుళాయి కాస్త తిప్పగానే పంపు టపటపమని ఆగుతూ మొదలవుతూ ఉంటే, దాని ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గిందేమో కూడా చూడాలి.

గేజి తక్కువే చూపిస్తుంటే లోపం సేఫ్టీ వాల్వ్‌లోనే ఉంది. బోరు, ట్యాంకరు నీళ్లు వాడే ఇళ్లలో తెల్లటి సున్నపు పొర వాల్వ్ కూర్చునే చోట పేరుకుంటుంది, దాంతో అది గట్టిగా మూసుకోదు. నీళ్లు చల్లారాక వాల్వ్ మీది లివర్‌ను రెండు మూడుసార్లు ఎత్తి దింపితే కొన్నిసార్లు ఆ పొర కొట్టుకుపోతుంది. అప్పటికీ ఆగకపోతే అంతే పరిమితి గల కొత్త వాల్వ్ మార్చాలి. ఎక్కువ బార్ ఉన్నదైతే గట్టిగా ఉంటుందని దుకాణదారు చెప్పినా తీసుకోకూడదు.

ఆవిరి చిమ్ముతుంటే

ఇది ప్లంబర్ పని కాదు. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ కరెంటును ఆపక నీళ్లు మరుగుతున్నాయని అర్థం. వెంటనే ఎం.సి.బి. ఆపి, లివర్‌నూ వేడినీళ్ల కుళాయినీ ముట్టుకోకుండా బాత్‌రూం తలుపు వేసి, దానంతటదే చల్లారనివ్వాలి. తరువాత థర్మోస్టాట్‌ను మార్పిస్తూ, దాన్ని కప్పిన సున్నపు పొరనూ శుభ్రం చేయించాలి. నీళ్లు మితిమీరి కాగితే కరెంటు ఆపే కటౌట్ ఊరికే పడిపోతోందని ఇంతకుముందెవరైనా దాని రెండు కొసలూ వైరుతో కలిపేశారేమో అడిగి చూపించుకోవాలి. అలా ఉంటే, ఆ వైరు తీసి కొత్త కటౌట్ వేసేవరకు ఆ గీజర్‌కు కరెంటు ఇవ్వకూడదు.