చూయింగ్ గమ్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

భోజనం అయ్యాక వక్కపొడి బదులు చూయింగ్ గమ్ వేసుకునేవాళ్లకి ఒక మాట. ప్యాకెట్ వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో ఏముందో ఒకసారి చదవండి. చక్కెర ఉంటే పళ్లకి అది మిఠాయితో సమానం. చక్కెర బదులు తీపికి వాడే జైలిటాల్ ఉన్నదైతే మేలు, పుచ్చు తెచ్చే బ్యాక్టీరియాకి దానితో యాసిడ్ తయారుచేయడం చేతకాదు. తిన్న వెంటనే ఓ 20 నిమిషాలు నమిలితే లాలాజలం బాగా ఊరి, పళ్ల మీది యాసిడ్‌ని పలచన చేస్తుంది. అలాగని బ్రష్ ఎగ్గొట్టకండి.

పోషకాలంటారా, చెప్పుకోదగ్గవేమీ లేవు. పిల్లలు ఎప్పుడైనా ఒకటి మింగేసినా కంగారు వద్దు, ఏళ్ల తరబడి కడుపులో అతుక్కుని ఉండదు, మామూలుగానే బయటికి పోతుంది.

షుగర్‌లెస్ కదా అని మరీ ఎక్కువ నమిలినా తిప్పలే. విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తూ నిద్ర రాకుండా సగం డబ్బా ఖాళీ చేశాను. సూర్యాపేట దాటేసరికి కడుపు ఉబ్బి డోలు! షుగర్‌లెస్ గమ్‌లో తీపికి వేసే సార్బిటాల్ పేగుల్లోకి నీటిని లాగుతుంది, ఎక్కువైతే విరేచనాలు ఖాయం. దవడ నొప్పి ఉన్నవాళ్లు అసలు జోలికే పోవద్దు.

ఇంట్లో కుక్క ఉంటే మాత్రం డబ్బా పై అరలో పెట్టండి. జైలిటాల్ కొంచెం తిన్నా కుక్కకి రక్తంలో చక్కెర దబ్బున పడిపోతుంది, ప్రాణానికే ముప్పు. తిన్నదని అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకుండా పశువుల డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి, ఆ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.