మూత్రసంచి పాఠాలు – 3: పైపు మీరే వేసుకోవడం

క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాకపోతే, మిగిలిన మూత్రాన్ని సన్నని పైపుతో మీరే తీసుకోవడం ఎలాగో ఈ పాఠం. పోయిన పాఠంలో రాయమన్న మూత్రం కొలతల కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠమంతా ఆ అంకెల మీదే నడుస్తుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి చేసే రాడికల్ హిస్టరెక్టమీలో గర్భసంచితో పాటు దాని పక్కల ఉన్న కణజాలం, యోని పైభాగం కొంత తీసేస్తారు. మూత్రసంచికి వెళ్లే సన్నని నరాలు ఆ కణజాలంలోంచే పోతాయి. అవి దెబ్బతింటే సంచి నిండిందన్న కబురు రాదు, పిండే బలమూ తగ్గుతుంది. ‘మాటిమాటికీ వస్తూనే ఉంది, ఇంకేం ఇబ్బంది?’ అనుకునేవారిలో కొందరికి వచ్చేది నిండిన సంచి నుంచి పొర్లేది మాత్రమే.

మూత్రానికి వెళ్లొచ్చిన వెంటనే ఎంత మిగిలిందో స్కానింగ్‌తో గానీ పైపుతో గానీ చూస్తారు. పదే పదే 100 మి.లీ. దాటుతుంటే చాలాచోట్ల పైపు మీరే వేసుకునే ఈ పద్ధతి నేర్పుతారు. కొందరు డాక్టర్లు హద్దు 150 దాకా పెడతారు. మొదటిసారి నర్సు ఎదుటే చెయ్యాలి.

కావలసినవి: 12 సైజు నెలటాన్ కాథెటర్ (బెలూన్ లేని, వేసి వెంటనే తీసేసే సన్నని పైపు), సబ్బు, చిన్న అద్దం, నీటిలో కరిగే జెల్లీ, గీతలున్న మగ్గు. మందుల షాపులో ‘యూరిన్ పైపు’ అంటే ఒక్కోసారి బెలూన్ ఉన్న ఫోలీ చేతికిస్తారు. అది లోపలే ఉంచే రకం, మీకు కాదు. వాజలీన్, కొబ్బరినూనె వద్దు.

ముందు మామూలుగా ప్రయత్నించి, వచ్చినంత పోయండి. పొట్ట నొక్కకండి, ముక్కకండి. చేతులు సబ్బుతో కడుక్కుని, ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోండి. మంచం మీద వెనక్కి ఆనుకుని, మోకాళ్లు ఎడం చేసి, అద్దం ఎదురుగా పెట్టుకోండి. ఎడమచేతి రెండు వేళ్లతో పెదవులు విడదీస్తే, యోని ద్వారానికి కాస్త పైన చిన్న రంధ్రం కనిపిస్తుంది. జెల్లీ రాసిన పైపును అందులోకి కొద్దిగా పైవైపుకి మెల్లగా తొయ్యండి. స్త్రీలకు మూత్రనాళం సుమారు 4 సెం.మీ.; 5–6 సెం.మీ. దగ్గర మూత్రం వస్తుంది. వచ్చాక మరో 2 సెం.మీ. తోసి ఆపండి. ధార ఆగాక కొంచెం కొంచెంగా బయటకు లాగండి. మళ్లీ కారితే ఆగండి, అడుగున మిగిలేది అప్పుడే వస్తుంది.

ఏమీ రాలేదంటే పైపు చాలావరకు యోనిలోకి పోయినట్టే. దాన్ని అక్కడే గుర్తుగా ఉంచి, కొత్త పైపు దాని పైనున్న రంధ్రంలో పెట్టండి. పని అయ్యాక రెండూ తీసెయ్యండి. గట్టిగా తగిలితే బలవంతం చెయ్యకండి. దగ్గితే కండరం వదులవుతుంది.

ఒక్కసారికి మొత్తం 400 మి.లీ. దాటకూడదు. దాటితే మధ్య గడువు తగ్గించండి. మొదట్లో సాధారణంగా 4–6 గంటలకోసారి, గడియారం చూసి. భయపడి నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగండి, రాత్రి పడుకునే ముందు తగ్గించండి. ప్రయాణానికి, కలయికకు ముందు ఖాళీ చేసుకుంటే గుబులు తగ్గుతుంది.

మూత్రం కొద్దిగా మబ్బుగా ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, రక్తం గడ్డలు వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. యోని నుంచి రాత్రింబవళ్లు నీరులా కారుతుంటే అది బలహీనత కాకపోవచ్చు. సంచికీ యోనికీ మధ్య రంధ్రం ఉందేమో సర్జన్ చూడాలి.

మిగులు 100 లోపు కొన్ని రోజులు నిలిచాక, డాక్టరు ఒప్పుకుంటే రోజులో పైపు వేసుకునే విడతల్లో ఒకటి తగ్గించండి. దగ్గినప్పుడు కారడం గురించి నాలుగో పాఠంలో.