బడిలో వేసే ముందు: వీగన్ పిల్లల తిండి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్ రెండో వారంలో బడులు తెరుచుకుంటాయి. అప్పటిదాకా ఇంట్లోనే తిని పెరిగిన మూడు నాలుగేళ్ల బిడ్డ, నర్సరీలో చేరిన రోజు నుంచి, ఒక పూట భోజనమూ ఒకటి రెండు చిరుతిళ్లూ తల్లిదండ్రుల కంటికి దూరంగా తినడం మొదలుపెడుతుంది. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె ఏవీ ముట్టని వీగన్ కుటుంబాలకు ఈ మార్పు కాస్త బరువుగానే ఉంటుంది. ఎందుకంటే మన ఊళ్లలో మాంసం తినని బిడ్డను ఏ బడి అయినా ఇట్టే అర్థం చేసుకుంటుంది గానీ, పెరుగన్నం వద్దనే బిడ్డను చూస్తే ఆయమ్మ మొదలు ప్రిన్సిపాల్ దాకా అందరికీ బెంగ పట్టుకుంటుంది. ఆ బెంగలో కొంత అపోహ ఉన్నా, కొంత న్యాయం కూడా ఉందని ముందే ఒప్పుకోవడం మంచిది. సరిగ్గా కూర్చని వీగన్ తిండి పెద్దవాళ్లకన్నా ఎదిగే పిల్లలకు త్వరగా చెరుపు చేస్తుంది. తల్లిదండ్రుల ఆందోళన మాత్రం ఎక్కువగా బడిలో ఎవరో పొరపాటున ఒక బిస్కెట్టు పెడతారేమోనన్న దాని చుట్టూనే తిరుగుతుంది. అసలు జాగ్రత్త పడవలసింది ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పేరుకుపోయే లోపాల విషయంలో.

కాబట్టి యూనిఫాం కొనడానికి ముందే ఒకసారి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎత్తు, బరువు కొలిపించి, ఎదుగుదల పట్టికలో గుర్తు పెట్టించుకుని, హిమోగ్లోబిన్‌తో పాటు బి12, డి విటమిన్ల పరీక్షలు అవసరమో కాదో ఆయనను అడగండి. బిడ్డ ఏమేమి తినదో దాపరికం లేకుండా చెప్పండి, డాక్టరు చీవాట్లు పెడతారన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. బి12 విషయంలో మాత్రం బేరసారాలు లేవు: ఆ విటమిన్ మొక్కల నుంచి వచ్చే ఆహారంలో నమ్మదగినంత దొరకదు. పులిసిన ఇడ్లీ పిండిలో ఉంటుందనీ, స్పిరులినా అనే నాచు పొడిలో ఉంటుందనీ వినిపించే మాటలను నమ్మి బిడ్డను వాటి మీద వదిలిపెట్టకూడదు. స్పిరులినాలో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపం. డాక్టరు రాసిన మోతాదులో చుక్కల మందో, బి12 కలిపిన ఆహారమో క్రమం తప్పకుండా ఇవ్వాలి. ఆకుకూరలు, పప్పులు బాగా తినే పిల్లల్లో ఫోలేట్ (బి9 విటమిన్) సమృద్ధిగా ఉండడం వల్ల బి12 లోపం తాలూకు రక్తహీనత బయటపడకుండా, నరాలకు జరిగే నష్టం మాత్రం లోలోపల సాగిపోయే ప్రమాదం ఉంది. వేళ్ల కణుపులు నల్లబడడం, ముఖం పాలిపోవడం, ఊరికే చిరాకు పడడం, నేర్చుకున్న మాటలు లేదా నడక వెనక్కి పోవడం కనిపిస్తే మరో వారం చూద్దామని ఆగవద్దు. ఇంట్లో చంటిబిడ్డ ఉండి, పాలిచ్చే తల్లి కూడా వీగన్ అయితే, ఆమె బి12 తీసుకుంటున్నదో లేదో అదే రోజు అడిగి తెలుసుకోవడం ఇంకా ముఖ్యం.

డి విటమిన్‌కు ఎండ ఉంది కదా అనుకుంటాం గానీ, అపార్టుమెంటు నుంచి వ్యానులోకి, వ్యాను నుంచి తరగతి గదిలోకి వెళ్లే పిల్లలకు మన హైదరాబాదు ఎండ కూడా అందదు. మార్కెట్లో దొరికే డి3 చుక్కలు ఎక్కువగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీసినవే. ఆ సంగతి పట్టింపు ఉన్నవాళ్లు శిలీంధ్రమూ నాచూ కలిసి పెరిగే లైకెన్ నుంచి తీసిన డి3ని గాని, డి2ని గాని డాక్టరుతో చెప్పి రాయించుకోవచ్చు. అవి దొరకని చోట మందు మానేయడం మాత్రం సరికాదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, దాని మాతృసంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం, 11 మిల్లీగ్రాముల ఇనుము, సుమారు 16 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అన్నం, పప్పు, పల్లీలు కలిసి రోజూ నడిచే ఇంట్లో మాంసకృత్తులు కష్టమేమీ కాదు. కాల్షియం దగ్గరే లెక్క తప్పుతుంది. అందుకు మన వంటింట్లో ఉన్న ఆధారం రాగులు, నువ్వులు. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది గనుక 30 గ్రాముల పిండితో కాచిన జావలో 110 దాకా వస్తుంది. పొట్టు తీయని నువ్వులు ఒక పెద్ద చెంచాడు, అంటే పది గ్రాములు, మరో 120 ఇస్తాయి. తెల్లగా మెరిసే పొట్టు తీసిన నువ్వుల్లో ఇందులో చాలా భాగం పోతుంది. కాల్షియం కలిపిన సోయా పాలు కొన్ని రకాల్లో 100 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి ఒక గ్లాసుతో 240 చేరుతుంది. మిగతాది పూరించడానికి మునగాకు పొడి తోడ్పడుతుంది. పాలకూర, తోటకూర పేర్లు ఇక్కడ చెప్పలేదు, ఎందుకంటే వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. సోయా పాల పెట్టెను పోసే ముందు గట్టిగా ఊపాలి, కలిపిన కాల్షియం అడుగుకు చేరుతుంది. ఇంట్లో తీసిన సోయా పాలకు, బాదం పాలకు, కొబ్బరి పాలకు ఈ లెక్క వర్తించదు. బాదం పాలలో మాంసకృత్తులు కూడా నామమాత్రమే.

ఈ జాబితాలో ఏ ఒక్కటీ బడిలో జరగవలసిన పని కాదని గమనించండి. పోషణ బరువంతా పొద్దున్న ఇంట్లో తినే దాని మీదా, సాయంత్రం వచ్చాక పెట్టే దాని మీదా ఉంచి, బడి డబ్బాను తేలిక చేసుకోవడమే నా ఉద్దేశంలో అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త. కొత్తగా చేరిన బిడ్డ మొదటి నెలంతా ఏడుస్తూ, బెదురుతూ సగం డబ్బా వెనక్కి తెస్తుంది. ఆ డబ్బాలోనే రోజు కాల్షియమంతా కూరి పంపితే అది డబ్బాలోనే తిరిగి వస్తుంది. పైగా పీచు ఎక్కువ ఉన్న తిండి చిన్న పొట్టను త్వరగా నింపేస్తుంది గనుక, నెయ్యి లేని లోటును పల్లీల ముద్దతోనో, నువ్వుల నూనెతోనో, కొబ్బరితోనో తీర్చకపోతే బిడ్డ కడుపు నిండినట్టే ఉండి బరువు పెరగదు. పప్పన్నంలో ఒక చెంచా వేడి నువ్వుల నూనె వేసి కలపడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. ఇనుము పట్టడానికి పప్పు మీద నిమ్మకాయ పిండడం, భోజనం తర్వాత జామపండు ముక్క ఇవ్వడం చాలు. ఉప్పు అయొడైజ్డ్‌ది వాడండి. ఆరోగ్యమని సైంధవ లవణానికి మారిన ఇళ్లలో పాలు కూడా లేకపోతే బిడ్డకు అయొడిన్ వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది.

డబ్బాలోకి ఏం పెట్టాలంటే, చేత్తో పట్టుకుని తినగలిగేదీ, మూడు నాలుగు గంటలు చెడకుండా ఉండేదీ, పక్కవాళ్ల తిండికి మరీ భిన్నంగా కనిపించనిదీ మంచిది. నువ్వుల నూనెతో తడిపిన పల్లీల పొడి పూసి, చుట్టి, మూడు ముక్కలుగా కోసిన మెత్తటి దోసె ఈ మూడింటికీ సరిపోతుంది. పులిహోర, కూరగాయలు వేసిన ఇడ్లీ, నూనెతో కాల్చిన మెంతి చపాతీ, నెయ్యికి బదులు జీడిపప్పు ముద్దతో పట్టిన సున్నుండ కూడా అంతే. కొబ్బరి పచ్చడి, కొబ్బరి పాలతో వండిన అన్నం, తెరిచిన సోయా పాలు జూన్ ఉక్కకు మధ్యాహ్నానికే పాడవుతాయి కనుక అవి ఇంటికే పరిమితం కావాలి. పచ్చి మొలకలు ఈ వయసుకు వద్దు, ఉడికించి పెట్టండి. పల్లీలు, బాదం, జీడిపప్పు గింజలుగా ఐదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. పొడి గానో మెత్తటి ముద్దగానో మాత్రమే వాడాలి. ద్రాక్షపండ్లు నిలువునా నాలుగుగా చీల్చాలి. పట్టీ లాంటి గట్టి తీపి, పాప్‌కార్న్ బడికి పంపకండి, ఎందుకంటే ఇరవై మంది పిల్లల మధ్య ఒక ఆయమ్మ అందరి నోళ్లనూ కనిపెట్టలేదు. తరగతిలో పల్లీలు పడని బిడ్డ ఎవరైనా ఉన్నారేమో ముందుగా అడిగి, ఉంటే మన డబ్బాలో నుంచి పల్లీలు తీసేయాలి. మన ఎంపిక కన్నా ఆ బిడ్డ ప్రాణం ముందు.

బడికి చెప్పే పద్ధతి గురించి ఇక. ప్రిన్సిపాల్ గదిలో అరగంట మాట్లాడి వచ్చినంత మాత్రాన పని జరిగినట్టు కాదు, ఎందుకంటే నోట్లో ముద్ద పెట్టేది ఆయమ్మ. ఆమెతో నేరుగా, వినయంగా, ‘అమ్మా, మా పాపకు ఇంటి డబ్బా తప్ప ఇంకేమీ పెట్టొద్దు, డబ్బా తినకపోయినా పరవాలేదు, ఆకలంటే సంచిలో అరటిపండు ఉంటుంది’ అని చెప్పడం పది పేజీల కాగితం కన్నా మేలు. కాగితం కూడా ఇవ్వండి గానీ అది అరపేజీ దాటకూడదు: ఏవి పెట్టవద్దో తెలుగులో ఒక వరుస, వాటికి బదులుగా మీరు బడిలో ఉంచిన డబ్బాలో ఏముందో ఒక వరుస, ఫోను నంబరు. కొందరు తల్లిదండ్రులు బడివాళ్లు పట్టించుకోరన్న భయంతో బిడ్డకు పాల అలర్జీ ఉందని చెబుతారు. అలా చెప్పకండి. నిజంగా అలర్జీ ఉన్న బిడ్డకు పొరపాటున ఒక చుక్క పడితే ఊపిరాడని స్థితి రావచ్చు, అప్పుడు చేయవలసిన వైద్యం వేరు. లేని అలర్జీ పేరు చెప్పి, నెల తిరక్కుండానే బిడ్డ ఒక చాక్లెట్టు తిని ఏమీ కాకుండా తిరిగితే, రేపు నిజమైన అలర్జీతో వచ్చే మరో బిడ్డ మాటకు అక్కడ విలువ ఉండదు. అదే విధంగా, నిజమైన పాల అలర్జీ ఉన్న బిడ్డకు ప్యాకెట్టు మీది వీగన్ గుర్తు ఒక్కటే రక్షణ అనుకోకూడదు. అదే యంత్రం మీద పాల పదార్థాలు కూడా తయారై ఉండవచ్చు.

ప్యాకెట్టు మీది ఆకుపచ్చ చుక్కను చూసి ‘ఇది మీకు పనికొస్తుంది కదా’ అని టీచరు అనడం సహజం. ఆ చుక్క ఉన్న వాటిలో పాలు, తేనె ఉండవచ్చునని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. దేశంలో ఆహార ప్రమాణాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వీగన్ ఆహారానికి వేరే గుర్తు తెచ్చింది: ఆకుపచ్చ చతురస్రంలో ఆకు మొలిచిన ‘వి’ అక్షరం. అది లేని ప్యాకెట్ల మీద పదార్థాల జాబితా కింద ఉండే అలర్జీ హెచ్చరికను చదివితే పాల సంగతి తేలిపోతుంది. మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్, బటర్ ఆయిల్ ఏ పేరుతో ఉన్నా పాలే. జెల్లీ మిఠాయిల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్, మెరిసే రంగు గోళీల మీద 904 నంబరు లక్క పూత, ఎర్ర రంగుకు 120 నంబరు పురుగు రంగు ఉండవచ్చు. బడిలో పెట్టే ఉప్మా మీద చివర్లో వేసే చెంచా నెయ్యి, బ్రెడ్డులోని పాలపొడి గురించి కూడా ఒకసారి అడిగి ఉంచుకోండి.

పండుగలూ పుట్టినరోజులూ ఉన్న రోజుల్లోనే అసలు చిక్కు వస్తుంది. బడి ఏడాది క్యాలెండరు ఇచ్చిన రోజునే దాన్ని ముందు పెట్టుకుని గుర్తులు పెట్టుకోవాలి. ఆగస్టు 15న లడ్డూ, కృష్ణాష్టమికి వెన్న ముద్ద, నవంబరు 14న కేకు, ‘తెల్ల రంగు రోజు’న ఇంటి నుంచి పాలో పెరుగన్నమో తెమ్మని వచ్చే సందేశం, ఇవన్నీ ముందే తెలిసినవే. తెల్ల రంగు రోజున ఇడ్లీయో కొబ్బరి ముక్కో పంపితే టీచరుకూ ఇబ్బంది ఉండదు. చిన్ని కృష్ణుడి వేషం వేసిన పిల్లవాడి చేతికి అటుకులూ బెల్లమూ ఇవ్వవచ్చు, కృష్ణుడికి అటుకులు ఇష్టమన్న కథ ఎటూ ఉంది. వినాయక చవితికి మనకు భయమే లేదు, నెయ్యి తగలని ఉండ్రాళ్లు, కుడుములు తరగతి మొత్తానికి పంపవచ్చు. పుట్టినరోజు చాక్లెట్ల విషయంలో, ఇచ్చిన దాన్ని వద్దనకుండా తీసుకుని సంచిలో వేసుకోవాలనీ, ఇంటికి వచ్చాక దానికి బదులు తనకు నచ్చినది దొరుకుతుందనీ బిడ్డకు నేర్పండి. ఆ మాట తప్పకుండా నిలబెట్టుకోండి. నాలుగేళ్ల బిడ్డను తరగతిలో కాపలాదారును చేసి, పక్క పిల్లలు పాలు తాగుతుంటే ‘అది చెడ్డది’ అనిపించడం సబబు కాదు. ‘మా ఇంట్లో మేం ఇవి తింటాం’ అన్నంత మాటే ఆ వయసుకు చాలు. పొరపాటున ఒకసారి తిన్నా, అలర్జీ లేని బిడ్డకు దానివల్ల వచ్చే ఆపద ఏమీ లేదు కాబట్టి, గేటు దగ్గర ఆయమ్మను నిలదీయకండి. నిలదీస్తే మర్నాటి నుంచి జరిగినది మీకు చెప్పడం మానేస్తారు.

బడి నుంచి తీసుకొచ్చేది నానమ్మో అమ్మమ్మో అయితే వాళ్లతోనూ ఇదే నిదానం కావాలి. ఎండన పడి వచ్చిన మనవడికి మజ్జిగ ఇవ్వకుండా ఉండడం వాళ్లకు చేతకాని పని. ఆ గంటకు సరిపడా రాగి అంబలి, నిమ్మరసం, నువ్వుల ఉండ వాళ్ల చేతికే సిద్ధంగా అందిస్తే వాదన అవసరం రాదు.

అంగన్‌వాడీకి పంపే కుటుంబాలు గుడ్డు, పాలు అక్కడి పోషణలో ముఖ్య భాగమనీ, వద్దంటే వాటి స్థానంలో మరొకటి దొరుకుతుందన్న నమ్మకం లేదనీ గుర్తుంచుకుని, ఆ మేరకు ఇంట్లోనే సర్దుకోవాలి. ఇంట్లో సర్దుబాటుకు వీల్లేని పరిస్థితి ఉంటే, నియమం సడలించి బిడ్డను ఆ గుడ్డు తిననివ్వడమే సరైనదని నా అభిప్రాయం. అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు దారి కొంత సులువు. సీఏసీఎఫ్‌పీ అనే ప్రభుత్వ భోజన పథకం కింద నడిచే డే కేర్లలో, పాలతో సమానమైన పోషకాలు కలిపిన సోయా పాల వంటివి ఇవ్వమని డాక్టరు చీటీ లేకుండానే తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరవచ్చు. అయితే అక్కడ చాలా తరగతుల్లో పల్లీలూ గింజలూ నిషేధం గనుక, పల్లీల పొడి స్థానంలో పొద్దుతిరుగుడు గింజల ముద్ద వాడుకోవాలి.

మందులకూ టీకాలకూ ఈ నియమాలు వర్తింపజేయకండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించండి, పురుగులు పడితే మీరు నిమ్మకాయ పిండి మరీ ఎక్కించిన ఇనుము వాటి పాలవుతుంది. చేరిన మూడు నాలుగు నెలలకు, అంటే దసరా సెలవుల్లో, మళ్లీ బరువు చూపించి, జూన్‌లో పెట్టిన గుర్తు పక్కన కొత్త గుర్తు పెట్టించండి. గీత పైకి వెళ్లకుండా చదునుగా ఉంటే, డబ్బా ఖాళీగా తిరిగి వస్తున్నా సరే, పోషకాహార నిపుణురాలి దగ్గరికి వారం రోజుల తిండి రాసుకుని వెళ్లండి.